లెక్క యడుగుట రాజద్రోహమా?

యుద్ధమున జయించిన జాతి నిశ్చింతగా నుండునని సామాన్యముగా తలంతుము. 1918వ సంవత్సరము నవంబరు 11వ తేదిని ప్రథమ ప్రపంచ సంగ్రామము ముగిసెను. అమెరికా సంయుక్త రాష్ట్రముల గడ్డపై శత్రుసేన యడుగిడలేదు. యూరపు రాజ్యములు ఋణగ్రస్తములు కాగా ఆ దేశము వాని కెల్ల ఋణదాతయై నిలిచెను. అట్టి దేశమును 1919, 1920 సంవత్సరములలో గొప్ప భయ మొకటి పట్టుకొనెను. కర్మాగారమునందు, పాఠశాలయందు, పత్రికాలయమునందు, తుదకు పల్లెటూరి ప్రత్తిచేనియందు సైతము దానికి రష్యా విప్లవమే కనబడసాగెను. చరిత్రకారులు దీనికి 'ఎఱ్ఱభయ'మని పేరిడినారు. నూఱేండ్లు దాటిన యీ కథను పాఠకుల యెదుట పెట్టుటకు మాకు కారణము కలదు. కూలి యనియు, లెక్క యనియు, హక్కనియు నోరు విప్పినవానిని విదేశపు కుట్రదారుడని పిలుచు నలవాటు ఏ యొక్క దేశమునకును సొంతము కాదు. ఆ పిలుపు ఏ విధముగా చట్టమై కూర్చుండునో, దానిని లేపుట కెంత శ్రమ పడవలసి వచ్చునో అమెరికా కథయందు స్పష్టముగా కానవచ్చును.

ముందుగా న్యాయముగా ఒప్పుకొనవలసిన దొకటి యున్నది. ఆ భయము పూర్తిగా కల్పితము కాదు. 1919 ఏప్రిలు చివర మంత్రులకును, న్యాయమూర్తులకును, కోటీశ్వరులకును 36 పొట్లములలో బాంబులు టపాలో పంపబడెను. జార్జియా రాష్ట్రపు మాజీ సెనేటరు హార్డ్విక్ గారి యింట నొక పొట్లము ప్రేలి, దానిని విప్పిన పనికత్తె చేతులు పోయెను. పాప మామె ఏ ధనికురాలు? తక్కినవానిలో 16 పొట్లములు తపాలా బిళ్ళలు చాలలేదని న్యూయార్కు తపాలా కచ్చేరిలో ప్రక్కకు పెట్టబడి యుండెను. పత్రికలో వార్త చదివిన గుమాస్తా యొకడు వానిని జ్ఞప్తికి తెచ్చుకొని పరుగెత్తుటచే ఆ ప్రమాదము తప్పెను. జూన్ 2వ తేది రాత్రి ఎనిమిది నగరములలో మరల బాంబులు ప్రేలెను. వాషింగ్టనులో అటార్నీ జనరల్ మిచెల్ పామర్ గారి గుమ్మమున బాంబు పెట్టవచ్చినవాడు తానే తునాతునక లయ్యెను. ఈ దుష్కృత్యములను సమర్థించువారము మేము కాము. బాంబు వేసినవాడు తాను మేలు చేయదలచిన కూలివానికే యందఱికంటె నెక్కువ కీడు చేసినాడు. అయిన నొక్క సంగతి గమనింపుడు. ఆ తరువాత వేలకొలది జనులు చెఱసాలల పాలైరి. జూన్ 2వ తేది బాంబులకు గాను ఏ న్యాయస్థానమునందును ఒక్కనికైనను శిక్ష పడలేదు.

మఱి దెబ్బ యెవరికి తగిలినది? మొదట శ్రామికులకు. యుద్ధకాలమున ధరలు ఇంచుమించు రెట్టింపయ్యెను. సమ్మె చేయుట దేశద్రోహమని యుద్ధము ముగియువరకు కూలివాండ్రను ఆపియుంచిరి. యుద్ధము ముగియగనే కట్ట తెగినట్లు 1919లో 40 లక్షలకు పైగా శ్రామికులు పని మానిరి. ఫిబ్రవరి 6వ తేదిని సియాటిల్ నగరమున నౌకానిర్మాణపు కార్మికులకు తోడుగా నగరమున తక్కిన సంఘములన్నియు చేరి, మొత్తము 60 వేలకు పైగా జనులు సమ్మె కట్టిరి. ఆ కొలది దినములును పసిబిడ్డల పాలు, ఆసుపత్రుల పని సమ్మె సంఘమువారే చూచుకొనిరి. దొమ్మి యన్నది లేదు. అయినను ఆ నగరపు మేయరు ఓలే హాన్సన్ గారు దానిని విప్లవమని చాటి, తానే దేశమును రక్షించితినని చెప్పుకొని, అదే సంవత్సరము పదవి విడిచి ఊరూర నుపన్యాసములిచ్చుచు ధనము గడించిరి. భయము కొందఱకు మంచి వ్యాపారము.

సెప్టెంబరు 22వ తేదిని ఉక్కు కర్మాగారములలో సమ్మె యారంభమయ్యెను. సుమారు మూడున్నర లక్షల కార్మికులు. వారి కోరిక లేవి? తమ సంఘముతో యజమానులు మాటలాడవలె ననియు, దినమునకు పండ్రెండు గంటల పని తగ్గింపవలె ననియు. పగటివంతువారు రాత్రివంతునకు మారు దినమున కొలుముల యొద్ద ఇరువదినాలుగు గంటలు ఏకధాటిగా నిలువవలసి యుండెను. యజమానులు వీనికి జవాబు చెప్పలేదు. సమ్మె నాయకుడగు విలియం ఫాస్టరు పూర్వ మెన్నడో వ్రాసిన పుస్తకమును త్రవ్వితీసి, ఇది మాస్కో సమ్మె యని పత్రికలలో ప్రకటించిరి. సమ్మె కట్టినవారిలో పెక్కురు యూరపునుండి వచ్చి చేరినవారగుటచే ఆ మాట చక్కగా అతికెను. ప్రొటెస్టెంటు మతసంఘముల పక్షమున జరిగిన విచారణ 1920లో వెలువడినది. ఇందు బోల్షివిజ మేమియు లేదనియు, కార్మికుడు సగటున వారమునకు 68.7 గంటలు పనిచేయుచున్నాడనియు అది తేల్చెను. అప్పటికి సమ్మె విఱిగిపోయినది. 1923లో ఆ ఉక్కు కంపెనీయే ఎనిమిది గంటల వంతులు ప్రవేశపెట్టెను. 1919లో విప్లవముగా తోచినది నాలుగేండ్లకు వ్యాపారధర్మ మయ్యెను!

ఈ సమ్మెను విఱుచుటకై యజమానులు వేలకొలది నల్లజాతివారిని పనిలో దింపిరి. తెల్లకార్మికుల సంఘములలో అనేకములు నల్లవారిని చేర్చుకొనకుండెను గనుక, ఆ పేదలకు తోటి పేదలపై ప్రేమ యుండుటకు హేతువు లేదు. శ్రామికుల తప్పులలో ఇది పెద్దది; వారి కష్టములను గూర్చి వ్రాయునప్పుడు దీనిని దాచుట ధర్మము కాదు.

నల్లజాతివారి కథ ఇంకను దారుణమైనది. దాదాపు 3,80,000 మంది నల్లవారు ఆ యుద్ధమున సైన్యసేవ చేసిరి. ప్రజాస్వామ్యమునకై పోరాడుడని వారిని పంపినవారే, వారు తిరిగివచ్చి ఓటును, గౌరవమును అడుగగా బోల్షివికులు వీరిని చెఱచిరనిరి. 1919 జులై 27వ తేదిని చికాగో నగరమున మిచిగన్ సరస్సులో నీదుచున్న యూజీన్ విలియమ్స్ అను పదునేడేండ్ల నల్లబాలుడు, నీటిలో ఎవరికిని కనబడని తెల్లవారి హద్దు దాటెనని రాళ్ళు రువ్వబడి మునిగి చచ్చెను. రాళ్ళు రువ్వినవానిని పోలీసు పట్టుకొనలేదు. తరువాతి దొమ్మిలో 38 మంది చనిపోయిరి. అందు 23 మంది నల్లవారు. ఇట్టివి ఆ వేసవిలో అనేక స్థలముల జరిగెను. నవంబరులో అటార్నీ జనరల్ పామర్ గారు సెనేటునకు సమర్పించిన నివేదికలో నల్లవారి పత్రికలను గూర్చి ప్రత్యేక భాగమే కలదు. ఆ పత్రికలు చేసిన నేరమేమి? తమవారిని చంపినప్పుడు తిరుగబడుట తప్పు కాదనుట, సమానత్వము కావలెననుట. అవి యప్పటి కాలమున రాజద్రోహపు గుర్తులు.

వీని యన్నిటిలో మాకు నిద్ర పట్టనీయనిది ఎలేను గ్రామపు సంగతి. అర్కన్సా రాష్ట్రమున మిసిసిపీ నదీతీరమున ఫిలిప్సు కౌంటీ యను ప్రత్తి సీమ యున్నది. అచ్చట నల్లవారు తెల్లభూస్వాముల క్రింద పాలుకు సేద్యము చేయువారు. విత్తనము, ఎరువు, ఉప్పు, పిండి అన్నియు భూస్వామి దుకాణమునుండియే తేవలెను. ధర ఎంతో రైతునకు తెలియదు. పంట భూస్వామి పట్టుకొనిపోయి అమ్మును. అమ్మిన ధర ఎంతో అదియు తెలియదు. ఏడాది చివర చిట్టా విప్పి, నీ పేర ఇంకను బాకీ కలదనును. చిట్టా చూపుమనుటకు వీలు లేదు. బాకీ తీరనిదే పొలము విడిచిపోరాదు. షాహుకారు గుమ్మమున చేతులు కట్టుకొని నిలిచి తన పద్దు తాను చదువుకొనలేక వేలిముద్ర వేసిన రైతును ఎఱిగిన మన జిల్లాలవారికి ఇంతకంటె విరివిగా చెప్పనక్కఱలేదు.

1919లో ప్రత్తి ధర మిక్కిలి హెచ్చెను. ఈ యేడైనను లెక్క చూపింపవలెనని ఆ రైతులు రాబర్టు హిల్ అనువాని ప్రోత్సాహమున ఒక సంఘముగా చేరి, లిటిల్ రాక్ పట్టణపు న్యాయవాదియగు బ్రాటన్ అనువారిని కుదుర్చుకొనుటకు చందాలెత్తిరి. తుపాకులు కొనుటకు కాదు, వకీలును పెట్టుకొనుటకు! ఈ మాట పాఠకులు మఱువకుందురు గాక. సెప్టెంబరు 30వ తేది రాత్రి ఎలేను సమీపమున హూప్ స్పర్ అను చోట నొక చర్చిలో వారు సభ చేసిరి. భయమున్నది గనుక వెలుపల కాపలా పెట్టుకొనిరి. ఒక మోటారుకారు వచ్చి ఆగెను, కాల్పులు జరిగెను, వచ్చినవారిలో తెల్లవా డొకడు చచ్చెను. మొదట కాల్చినది ఎవరన్నదానిపై నేటికిని వివాద మున్నది. మఱునాడు ఉదయము మొదలు చుట్టుప్రక్కల కౌంటీలనుండియు, నదికి ఆవలనున్న మిసిసిపీ రాష్ట్రమునుండియు ఆయుధపాణులగు తెల్లవారు వచ్చిపడిరి. గవర్నరు సుమారు 500 మంది సైనికులను వెంటబెట్టుకొని వచ్చెను. తెల్లవారిలో చచ్చినవా రైదుగురు. నల్లవారిలో ఎందఱు? ఇరువదియైదుమంది యని అధికారులు చెప్పిరి. రెండు వందలకు మించుదురని పరిశోధకులలో అనేకుల మతము. ఆ మృతులను లెక్కించినవారు లేరు. బ్రదికియున్నప్పుడు ప్రత్తి లెక్క లేదు, చచ్చిన పిదప పీనుగుల లెక్క లేదు.

న్యాయవాదిగారి కుమారుడు రైతుల వాఙ్మూలములు వ్రాసికొనుటకు ఆ దినమే అచ్చటికి పోయి పట్టుబడి, నెల దినములు కారాగృహమున నుండెను. అతనిపై మోపిన నేరము వ్యాజ్యములు పురికొల్పుట! పిదప స్థానిక పెద్దలు ఏడ్గురు సంఘముగా కూర్చుండి, ఇది తెల్లవారి నెల్ల చంపుటకు చేసిన కుట్ర యని తేల్చిరి. నల్లవారిని నూటికి పైగా బోనెక్కించిరి. సాక్ష్యము చెప్పుమని కొరడాలతో కొట్టిరి. పండ్రెండుగురకు మరణశిక్ష పడెను. ఆ విచారణ ఎట్లు జరిగెనో తరువాత సుప్రీముకోర్టు తీర్పునందే కలదు: విచారణ ముప్పావు గంట, జూరీ వారి యాలోచన అయిదు నిమిషములకు లోపల. ముద్దాయిల పక్షమున కోర్టువారు నియమించిన వకీలు ఒక్క సాక్షినైనను పిలువలేదు, వాయిదా కోరలేదు, జూరీలో ఒక్కనిపై నాక్షేపణ తెలుపలేదు. వెలుపల గుంపు వేచియున్నది. మేమును ఆ వృత్తి చేయువారమే గనుక ఆ వకీలు స్థితి నెఱుగనివారము కాము. అట్టి సమయమున లేచి నిలుచుటకు కావలసిన ధైర్యము లా పుస్తకములలో దొరకదు. అయినను ఆతని మౌనమును క్షమింప మాకు మనసొప్పదు. వకీలు లేకుండ విచారించుటకంటె మూగ వకీలును పెట్టి విచారించుట ఎక్కువ అపచారము. అది అన్యాయమునకు సంతకము చేయుట.

దక్షిణపు పల్లెలో భూస్వాములు చేసినదానినే రాజధానిలో దొరతనమువారు మఱియొక రీతిని చేసిరి. పామర్ గారు తమ శాఖలో రాజకీయ తీవ్రవాదులపై నిఘాకై యొక విభాగమును స్థాపించి, ఎడ్గార్ హూవర్ అను ఇరువదినాలుగేండ్ల యువకుని దానికి పెద్దగా నుంచిరి. ఆ యువకుడు వేలకొలది చీట్లపై మనుష్యుల పేళ్ళు వ్రాయించి పెట్టెల కెక్కించెను. డిశంబరు 21వ తేదిని ఎమ్మా గోల్డ్మన్ మొదలుగా 249 మందిని బ్యూఫర్డు అను పాత సైనికనౌకలో నెక్కించి రష్యాకు పంపివైచిరి. 1920 జనవరి 2వ తేది రాత్రి ముప్పదికి పైగా నగరములలో ఒక్కమాఱు దాడులు జరిపి వేలకొలది జనులను పట్టుకొనిరి. వారంటు లేనివారెందఱో. నృత్యమునకు వచ్చినవారు, రాత్రి పాఠశాలకు వచ్చినవారు, మిత్రుని చూడవచ్చినవారు సైతము చిక్కిరి. డెట్రాయిటులో సుమారు ఎనిమిది వందల మందిని ఒక సర్కారు భవనపు మీది యంతస్తులో కిటికీలు లేని వసారాలో దినములకొలది కుక్కి యుంచిరి. అందఱకును ఒక్కటే మరుగుదొడ్డి. బోస్టనులో బేడీలు వేసి వీథులలో నడిపించిరి. ఇంతమంది యొద్దను దొరికిన యాయుధములు మూడు పిస్తోళ్ళు.

న్యాయవాదులు ముఖ్యముగా గమనింపవలసిన దింకొకటి కలదు. దేశమునుండి వెడలగొట్టు విచారణలో ముద్దాయికి మొదటినుండియు వకీలు నుంచుకొను హక్కు కలదని అంతవఱకు నిబంధన యుండెను. దాడులకు కొలది దినములు ముందుగా ఆ నిబంధనను సవరించి, దొరతనపు ప్రయోజనములు కాపాడబడిన పిదపనే ఆ హక్కు తెలుపవచ్చునని మార్చిరి. నిశ్శబ్దముగా, ఒక్క వాక్యము మార్పుతో!

ఈ మాట విన్నప్పుడు భారతీయున కొకటి స్ఫురింపకపోదు. 1919 మార్చిలోనే కదా మన దేశమున రౌలటు శాసనము చేయబడినది. వకీలు లేదు, వాదము లేదు, అప్పీలు లేదని నాడు జనులు దానిని వర్ణించిరి. యుద్ధమున సైన్యమును ధనమును ఇచ్చిన జాతికి లభించిన బహుమాన మది. ఏప్రిలు 13వ తేదిని జలియన్వాలాబాగున దానికి వడ్డి కూడ ముట్టెను. రెండు దేశముల కథ ఒక్కటి యని మేము చెప్పము. అచ్చట స్వరాజ్యము గలదు, ఇచ్చట లేకుండెను. కాని యుద్ధకాలపు అధికారమును శాంతికాలమున విడువనొల్లని పాలకుల మనసు రెండుచోట్లను ఒక్కటే. ఆ యెఱ్ఱభయము అమెరికాలోని మనవారిని కూడ సోకెను. అమెరికాలో పుట్టిన గదరు పక్షమునందు మన తెలుగువాడు దరిశి చెంచయ్యగారును చేరియుండిరని పాఠకు లెఱుగుదురు. ఆ పక్షమువారిలో శాన్ ఫ్రాన్సిస్కో విచారణలో 1918లో శిక్షపడిన కొందఱిని, చెఱ ముగిసిన పిదప దేశమునుండి వెడలగొట్టవలెనని ప్రయత్నము జరిగెను. బ్రిటిషువారి చేతికి చిక్కినచో వారి గతి యేమగునో చెప్పనక్కఱలేదు. తారకనాథ దాసు మొదలగువారును, అమెరికను మిత్రులును 1919లో న్యూయార్కున సంఘము పెట్టి ప్రతిఘటించిరి. అమెరికను కార్మిక సంఘములు కొన్ని మనవారి పక్షమున తీర్మానములు చేసెను. తమ యింటికి నిప్పంటియున్నను పొరుగువాని గుడిసెకు నీళ్ళు మోసిన యా కార్మికులను మేము మఱువరాదు.

ఆ నిప్పు ఎట్లు చల్లారెను? మహాసభలచే కాదు, ఊరేగింపులచే కాదు. కార్మికశాఖలో ఉపకార్యదర్శియగు లూయీ పోస్టు అను డెబ్బదేండ్ల వృద్ధుడు 1920 మార్చిలో తాత్కాలికముగా ఆ శాఖ కధిపతి యయ్యెను. దేశమునుండి వెడలగొట్టు తుది యధికారము చట్టరీత్యా ఆ శాఖదే. ఎమ్మా గోల్డ్మన్ గారిని పంపు నుత్తరువుపై సంతకము చేసినవా డీతడే. అది సరియైనదని మేమనము. కాని యిప్పుడు కాగితముల కట్టలు తన బల్లపైకి రాగా ఒక్కొక్కటియే విప్పి చదువసాగెను. ఇతనిపై సాక్ష్య మేది? వకీలును పెట్టుకొననిచ్చిరా? సంఘపు జాబితాలో పేరున్నట్లు ఇతనికైనను తెలియునా? ఇట్లు పరీక్షించి వేయికి పైగా వారంటులను రద్దుచేసెను. కాంగ్రెసులో అతనిని తొలగింపవలెనని కోలాహలము పుట్టెను. మే నెలలో సభాసంఘము నెదుట నిలిచి అతడిచ్చిన జవాబులకు ప్రశ్నించినవారే కుంగిపోయిరి. అదే నెలలో ఫెలిక్సు ఫ్రాంక్ఫర్టరు, రాస్కో పౌండు, జకరయ్య చేఫీ మొదలగు పండ్రెండుగురు న్యాయకోవిదులు తమ పేళ్ళతో న్యాయశాఖ చేసిన చట్టవిరుద్ధ కార్యములను ప్రమాణపూర్వకముగా ప్రకటించిరి. మే 1వ తేదిని దేశమంతట విప్లవము చెలరేగునని పామర్ గారు జోస్యము చెప్పి సైనికులను సిద్ధము చేయించిరి. ఆ దినము ఆకైనను కదలలేదు. జనులు నవ్విరి. సెప్టెంబరులో వాల్ స్ట్రీటున నిజముగనే బాంబు ప్రేలి 38 మంది చనిపోయినను మునుపటి భయము మరల రేగలేదు.

అయినను అంతయు చల్లారెనని చెప్పలేము. యుద్ధవ్యతిరేకోపన్యాసమునకై పదేండ్ల శిక్ష పడిన యూజీన్ డెబ్స్ చెఱసాలనుండియే 1920లో అధ్యక్షపదవికి నిలిచి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పొందియు, 1921 డిశంబరు వరకు విడుదల కాలేదు. చీట్ల పెట్టెల యువకుడు 1924లో ఆ శాఖ దర్యాప్తు సంస్థ కధికారియై 1972లో మరణించువరకు ఆ పీఠము విడువలేదు. పెట్టెలును అతనితో పెరిగెను.

ఎలేను ముద్దాయిల మాట చెప్పవలసియున్నది. వారి పక్షమున నిలిచిన న్యాయవాదు లిద్దఱు. ఒకరు జార్జి మర్ఫీ. అంతర్యుద్ధమున బానిసత్వపు పక్షమున పోరాడిన ముసలి సైనికుడు. రెండవవారు స్కిపియో జోన్స్. బానిసగా పుట్టిన నల్లవాడు. ఇట్టి జంటను ఏ నవలాకారుడు కల్పించినను మనము నమ్మము. మర్ఫీగారు 1920లో మరణింపగా జోన్స్ గారే భారము వహించి, కోర్టునుండి కోర్టునకు, గడువునకు గడువు సంపాదించుచు మరణశిక్షను మూడేండ్లు దూరముగా నుంచిరి. 1923 ఫిబ్రవరి 19వ తేదిని సుప్రీముకోర్టువారు, న్యాయమూర్తి హోమ్సుగారి తీర్పున, గుంపుభయముతో నడచిన విచారణ విచారణయే కాదనియు, అట్టిదానిని కేంద్రన్యాయస్థానము పరిశీలింపవచ్చుననియు నిర్ణయించిరి. ఆ సంవత్సరము ఆఱుగురును, 1925 జనవరిలో తక్కిన యాఱుగురును బయటికి వచ్చిరి.

సుప్రీముకోర్టు ఎదుటికి వచ్చిన ప్రశ్న విచారణ సక్రమమా కాదా యన్న దొక్కటే. 1919వ సంవత్సరపు ప్రత్తి ఎన్ని పౌనులు, ఏ ధరకు అమ్ముడుపోయెను, రైతునకు రావలసిన దెంత యన్నది ఆ కోర్టు విచారింపవలసిన సంగతి కాదు. చర్చిలో కూర్చుండి వారు కోరినది అదియే.